మిగిలిన బేదుల మాత్రలు.. షుగరు, ఎసిట్రోమ్ వాడేవారు వేసుకోవచ్చా?

ప్రశ్న: మా నాయనకు 64 ఏళ్లు. గుండెలో మెకానికల్ వాల్వు వేశారు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ వాడుతున్నారు. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కూడా ఉన్నాయి. రెండు రోజులుగా నీళ్ల బేదులు. పోయిన ఏడాది నాకు రాసిస్తే మిగిలిన సిప్రోఫ్లాక్సాసిన్-టినిడాజోల్ మాత్రలు ఆరు ఇంట్లో ఉంటే, రాత్రి ఒకటి, పొద్దున ఒకటి మజ్జిగతో వేసుకున్నారు. మిగతా నాలుగూ వేసి కోర్సు పూర్తి చేయమంటారా?
- ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: వద్దు, ఇక ఒక్కటి కూడా వేయకండి. కోర్సు పూర్తి చేయాలన్నది డాక్టరు రోగిని చూసి రాసిన మందుకు వర్తించే మాట. ఇంకొకరికి రాసిన మాత్రల్లో మిగిలినవి కోర్సు కాదు. పైగా నీళ్ల బేదులు చాలావరకు వైరస్ వల్లో, తిండి పడకో వస్తాయి. వాటికి యాంటీబయాటిక్‌తో పనిలేదు.

మీ నాన్నగారి విషయంలో అసలు భయం ఎసిట్రోమ్ గురించే. ఈ మందును లివర్ మెల్లగా విరిచి బయటికి పంపుతుంది. టినిడాజోల్, సిప్రోఫ్లాక్సాసిన్ ఆ పనికి అడ్డుపడతాయి. దాంతో రోజూ వేసుకునే డోసే ఎక్కువైపోయి రక్తం మరీ పలుచబడుతుంది. బేదులతో తిండి తగ్గి, ఆకుకూరలు మానేసి గంజి మీదే ఉంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె తగ్గి ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలుచబడిందో చెప్పే పరీక్ష అంకె) ఇంకా పెరుగుతుంది. రెండు మాత్రలేగా అనుకోకండి, టినిడాజోల్ ప్రభావం మందు ఆపాక కూడా వారం దాకా ఉండొచ్చు. అందుకే ఈరోజే ఐఎన్‌ఆర్ చేయించండి, మూడు నాలుగు రోజులకు మళ్లీ ఒకసారి, వారానికి ఇంకోసారి. మీ నాన్నగారికి ఐఎన్‌ఆర్ ఎంత ఉండాలో కార్డియాలజిస్టు చీటీలో రాసి ఉంటుంది. అంతకన్నా పెరిగితే ఆయనకు ఫోన్ చేసి డోసు అడగండి. భయపడి ఎసిట్రోమ్‌ను మీ అంతట మీరే ఆపారో, వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంది. చిగుళ్ల నుంచి రక్తం, ఎర్రటి మూత్రం, తారులా నల్లటి విరేచనం, తగ్గని తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా ఫోన్లతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక షుగరు. సిప్రోఫ్లాక్సాసిన్ క్లోమగ్రంథిని ఇన్సులిన్ ఎక్కువగా వదిలేలా చేస్తుంది. గ్లిమిపిరైడ్ చేసే పనీ అదే. కడుపులో తిండి లేనప్పుడు రెండూ కలిస్తే షుగరు దబ్బున పడిపోతుంది. రేపటి దాకా నాలుగు గంటలకోసారి, రాత్రి పడుకునే ముందు, నడిరాత్రి ఒకసారి గ్లూకోమీటరుతో చూడండి. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. గ్లిమిపిరైడ్ రోజంతా పనిచేస్తుంది కాబట్టి ఒకసారి పెరిగిన షుగరు మళ్లీ పడొచ్చు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108కు ఫోన్ చేయండి. సరిగా తినని పూట గ్లిమిపిరైడ్ వేయొద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్ కూడా ఆపడమే మేలు. మామూలుగా తింటూ ఒకటి రెండు రోజులు గడిచాక మళ్లీ మొదలుపెట్టొచ్చు, కానీ షుగరు డాక్టరుకు ఒక మాట చెప్పే చేయండి. ఈమధ్యే మెట్‌ఫార్మిన్ డోసు పెంచి ఉంటే అదీ చెప్పండి, బేదులకు అదే కారణం కావొచ్చు.

మజ్జిగతో వేయడం వల్ల ఇంకో చిక్కు ఉంది. పాలు, పెరుగు, మజ్జిగల్లోని కాల్షియం సిప్రోఫ్లాక్సాసిన్‌ను పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. గ్యాస్‌కు వాడే యాంటాసిడ్లు, ఐరన్ మాత్రలూ ఇంతే. సగం డోసుతో రోగం తగ్గదు, క్రిములు మాత్రం మందుకు అలవాటు పడతాయి.

ప్రస్తుతానికి చేయాల్సింది ఓఆర్ఎస్ తాగించడం. లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే, మొత్తం ఒకేసారి కలపాలి. బేది అయిన ప్రతిసారీ ఒక గ్లాసు, గుక్కగుక్కగా. షుగరు ఉన్నవాళ్లు కూడా తాగొచ్చు. కాళ్ల వాపు, ఆయాసం ఉంటే మాత్రం ఎంత తాగించాలో డాక్టరునే అడగండి. జ్వరానికి పారాసిటమాల్ 500 చాలు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జోలికి పోకండి. జ్వరంతో పాటు రక్తం, జిగురు పడినా, వాంతులతో నీళ్లు నిలవకపోయినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో చేర్పించి సెలైన్ పెట్టించాలి.

వెళ్లేటప్పుడు మిగిలిన నాలుగు మాత్రల స్ట్రిప్పు, ఎసిట్రోమ్ చీటీ, ఎప్పుడెప్పుడు ఎన్ని మాత్రలు వేశారో రాసిన కాగితం తీసుకెళ్లండి. స్ట్రిప్పు కత్తిరించేసి పేరు కనబడకుంటే, ఏ దుకాణంలో కొన్నారో ఆ బిల్లు వెతకండి.