అమ్మమ్మ ఇంటి గోడకి సిమెంటు పూయించకు

అమ్మలూ,

రాజమండ్రి ఇన్నీసుపేట ఇల్లు నువ్వే బాగు చేయించుకుని అక్కడే ఉంటావని నిన్న రాత్రి అక్క ఫోన్లో చెప్పింది. అపార్ట్‌మెంటుకి ఇచ్చెయ్యకుండా ఆ ఇంటిని నిలబెడతానన్నందుకు చాలా గర్వంగా ఉంది. పైన ఒక అంతస్తు కూడా లేపుతానన్నావట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ మనసు మనసులో లేదు.

దస్తావేజులు, కొలతలు, లైసెన్సున్న ఇంజనీరు చేత ప్లాను, కార్పొరేషన్ అనుమతి, ఇవన్నీ నీకు చెప్పక్కర్లేదు. మరమ్మతు వేరు, కూల్చి కట్టడం వేరు అన్నది మాత్రం మరిచిపోకు. కూలిస్తే 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం ఖాళీ జాగా వదలాలి, రోడ్డు వెడల్పులో పోయేది వదులుకోవాలి. ఉమ్మడి గోడలతో వీధి అంచు దాకా ఉన్న ఇంట్లో అది పోగా మిగిలేవి ఇరుకు గదులే. అందుకని వీధి వైపు అరుగు, కర్ర స్తంభాలు, చూరు ఎత్తు కదపకు. ఆ వరసలో ఇళ్ళ చూరులన్నీ ఒకే ఎత్తులో కలుస్తాయి. మనది ఒక్కటి లేస్తే వీధి వీధంతా ఎబ్బెట్టుగా కనిపిస్తుంది.

గోడ మందంగా ఉంది కదా అని దాని మీద స్లాబు ఎక్కించాలని చూడకు. అది సున్నంతో కట్టిన ఇటుక, కింద పునాదీ అంతే. పెంకుల బరువు మోయడానికి కట్టిన గోడ అది. గదులు కావాలంటే పెరటి వైపు విడిగా స్తంభాల మీద కట్టుకో. పాత గోడకీ కొత్త గోడకీ మధ్య 2 అంగుళాల సందు వదిలి, వాన దిగకుండా పైన రేకు మూత వేయించు. రెండూ కలిపి కడితే, కొత్తది దిగబడేటప్పుడు పాతదాన్ని లాగి బీట ఇస్తుంది.

కొత్త గదులకి జాతీయ బిల్డింగ్ కోడ్ లెక్కలు చాలు. పడకగది 9.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లకి తగ్గకూడదు, ఎత్తు 2.75. మన ఉక్క ఊళ్ళకి కిటికీల వైశాల్యం నేలలో ఆరో వంతు ఉండాలి. మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించకూడదంటుంది కోడ్. నువ్వు మాత్రం 15కి దించు, అమ్మ మోకాళ్ళు గుర్తుపెట్టుకుని. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న మండువా మీద స్లాబు వేస్తే లోపలి గదులన్నిటికీ పట్టపగలు లైటు వెయ్యాలి. దాన్ని అలాగే వదిలి, తూము శుభ్రం చేయించు చాలు.

ఇప్పుడు అసలు సంగతి. వీధి గదిలో సిమెంటు ప్లాస్టరింగు చేయించింది నేనే. గోడలు పొడి రాలుతున్నాయని గట్టిగా ఉండేది పూయించాను. ఆ తప్పు నువ్వు ఇల్లంతా చేస్తావేమోనని నా భయం.

ఆ రోజుల్లో కట్టిన గోడకి అడుగున తేమని ఆపే పొర ఉండదు. నేలలో చెమ్మ ఇటుక గుండా పైకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూత గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఎక్కిన చెమ్మ అడుగు రెండడుగుల్లోనే ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. ఇక చెమ్మ పైకి పాకుతుంది, దాంతోపాటు ఉప్పు కూడా. పూత వెనక ఉప్పు గడ్డకట్టి పొంగి, ఇటుక మొహాన్ని పిండి చేస్తుంది. వేలి కణుపుతో కొట్టి చూడు, డొల్లగా మోగుతుంది. పెచ్చు లేపితే తెల్లటి పొడి, దాని వెనక తడి ఇటుక. పైన ఆయిల్ పెయింటు కూడా కొడితే మరీ దారుణం. అన్నిటికంటే ముప్పు, గోడలో దిగిన దూలం కొసకి. బయటికి బాగానే కనిపిస్తూ లోపల పుచ్చిపోతుంది, చెదలకీ అదే దారి. నేల మీద పెద్ద పలకలు పరిపించినా ఇంతే. కింద ఆరే దారి లేక చెమ్మంతా గోడలకే ఎక్కుతుంది.

సిమెంటుని చిన్న సుత్తీ ఉలీతో చేత్తో తీయించు, బ్రేకర్ మిషను పెట్టించకు, ఇటుక బీటలు వారుతుంది. ఇటుకల మధ్య కీళ్ళు అర అంగుళం లోతున గీకి, బ్రష్షుతో దులిపి, తడిపి పెట్టాలి. సున్నం కనీసం మూడు వారాలు నీళ్ళలో నానాలి. సున్నాన్ని నీళ్ళలో వెయ్యాలి తప్ప సున్నం మీద నీళ్ళు పొయ్యకూడదు, ఉడుకు చింది కళ్ళలో పడుతుంది. అద్దాలు పెట్టుకోమను, నువ్వూ పెట్టుకో. ఒక పాలు సున్నానికి ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్ళు కడిగిన గోదావరి ఇసుక. మాడిపోయిన ఇటుక పొడి పనికిరాదు. ఒక్కో పూత అర అంగుళానికి మించకుండా రెండు పూతలు, పైన సన్నటి మెరుగు. వారం పది రోజులు గోనెపట్టాలు తడిపి కప్పాలి, ఎండలో పూస్తే నెర్రెలిస్తుంది. పెయింటు బదులు మూడు పూతల వెల్ల చాలు.

మేస్త్రి "ఈ రోజుల్లో సున్నం ఎవరు చేస్తారమ్మా, చారెడు సిమెంటు కలుపుదాం" అంటాడు. ఒప్పుకోకు. నువ్వు మెతకదానివి, పెద్దవాళ్ళ మాట కాదనలేవు, నాకు తెలుసు. నా పేరు చెప్పు.

పెంకులు దింపేటప్పుడు మంచివి ఏరి గోడవారన నిలబెట్టించు, పడుకోబెడితే పగులుతాయి. మంగళూరు పెంకుకి రీపర్ల మధ్య, అంటే పెంకులు ఆనే అడ్డకర్రల మధ్య, 12న్నర అంగుళాలు ఉండాలి, కానీ ముందు మన పెంకు కొలిచి చూసుకో. నూరు చదరపు అడుగులకి సుమారు 150 లెక్క వేసుకో.

పక్కింటి గోడ సంగతి. దాని వెంబడి గొయ్యి ఒకేసారి పొడుగునా తవ్వనివ్వకు. నాలుగేసి అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, ఒకటి నింపాకే రెండోది. వాళ్ళ పునాది అడుగు కంటే లోతుకి వెళ్ళకూడదు. వానాకాలంలో అసలు వద్దు. ఆ ఇంట్లో పసిపిల్లలున్నారు.

ఆదివారం వస్తున్నాను. నేనొచ్చి దూలాల కొసలు ఉలితో పొడిచి చూసేదాకా అటువైపు గునపం దిగకూడదు.

మావయ్య