గొట్టం మధ్యలో మర ఎందుకు?

ప్రశ్న: ఇంగ్లండులో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక మ్యూజియంలో చిన్న ఫిరంగి చూశాను. గొట్టం మధ్యలో పెద్ద నట్టు! అతుకేసిన ఫిరంగి పేలిస్తే పగిలిపోదా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అతుకు కాదమ్మా, అసలు కిటుకే అది! 1879 నాటి రెండున్నర అంగుళాల కొండ ఫిరంగి. సిపాయిలకి 'స్క్రూ గన్'. గొట్టం రెండు ముక్కలు, ఒక్కోటి సుమారు 90 కిలోలు, ఒక్కో కంచర గాడిద మీద ఒక్కోటి. చక్రాలూ బండీ ఇంకో మూడింటి మీద. మా చిన్నప్పుడు గుణుపురం సంతకి కొండ సరుకు కావిళ్ళలో విడివిడిగా దిగేది, అచ్చం అలాగే. పైకెక్కాక మర బిగించి, మూతిలోంచి మందూ గుండూ దట్టించడమే. చిక్కల్లా ఆ నల్ల తుపాకిమందుతోనే. దక్షిణాఫ్రికాలో బ్రిటిషువాళ్ళకీ, డచ్చి సంతతి బోయర్లకీ జరిగిన బోయర్ యుద్ధంలో ఒక్కసారి పేల్చితే చాలు, పొగ లేచి చోటు కాస్తా శత్రువుకి తెలిసిపోయేది.