వీర్యం మామూలుగానే వస్తోంది, మరి కణాలు తక్కువ ఎట్లా?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నాకు 31 ఏళ్లు, బాయిల్డ్ రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పని. పెళ్లై మూడేళ్లైంది, పిల్లలు కాలేదు. రెండేళ్ల నుంచి మా ఆవిడనే హాస్పిటళ్ల చుట్టూ తిప్పినం, ఆమెకు అన్నీ నార్మలే. పోయిన నెల నాకు టెస్టు చేస్తే వీర్యం 3 మిల్లీలీటర్లు, కణాలు మిల్లీలీటరుకు 90 లక్షలు, తక్కువ అన్నారు. అంతకు నెల ముందే టైఫాయిడ్‌తో పది రోజులు మంచం మీదున్న. సంసారంలో ఇబ్బంది లేదు, వీర్యం మంచిగనే వస్తది, మరి తక్కువ ఎట్లా అయితది? తెలిసినాయన ఏదో ఇంజెక్షన్ చేయించుకో, మగతనం పెరుగుతదంటుండు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు అడిగిన ప్రశ్నే చాలామంది అడగాల్సింది, అడగక ఇంట్లో ఆడవాళ్లను రెండేళ్లు, మూడేళ్లు తిప్పుతారు. నాకు బాధ కలిగించేది అదే, ఎందుకంటే మగవాళ్లకు మొదట చేయాల్సిన పరీక్ష కోత లేనిది, సూది కూడా లేనిది.

వీర్యం వేరు, వీర్యకణాలు వేరు. కంటికి కనిపించే ద్రవంలో దాదాపు మూడింట రెండొంతులు మూత్రాశయం వెనక ఉండే వీర్యాశయాల నుంచి, పావు వంతు దాకా ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది. వృషణాల్లో తయారైన కణాల వాటా నూటికి ఐదు వంతులు కూడా ఉండదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్లకు కూడా వీర్యం దాదాపు అంతే వస్తుంది, అందులో కణాలే ఉండవు. అంగం గట్టిపడటమైతే నరాలు, రక్తప్రసరణల పని, కణాల లెక్కతో దానికి సంబంధం లేదు. కాబట్టి రిపోర్టు చూసి మీ మగతనానికి ఏదో అయిందని అస్సలు అనుకోకండి.

ఇక కణాల సంగతి. అవి తయారు కావాలంటే ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండాలి, వృషణాలు పొట్టలో కాకుండా బయట సంచిలో వేలాడేది అందుకే. ఒక్కో కణం తయారవడానికి దాదాపు 70 రోజులు పడుతుంది. ఆ తర్వాత వృషణానికి అతుక్కుని ఉండే ఎపిడిడిమిస్ అనే సన్నటి గొట్టంలో కొన్ని రోజులు ఉండి ఈదడం నేర్చుకుంటుంది. చుట్టచుట్టుకుని ఉన్న ఆ గొట్టాన్ని విప్పి చాపితే దాదాపు ఆరు మీటర్లు, ఇంచుమించు మన పోచంపల్లి చీరంత పొడవు! ఈ రోజు కోసిన వరి ఈ రోజు మొలిచింది కాదు కదా, మీరు పోయిన నెల ఇచ్చిన శాంపిల్ కూడా అంతే, జ్వరంలో మీ ఒళ్లు కాలిపోతున్నప్పుడు తయారవుతున్న పంట అది. బాయిలర్ వేడి కూడా తోడై ఉండొచ్చు. వీలైతే కొన్నాళ్లు వేరే పనికి మార్చమని మేస్త్రీని అడగండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షలు. అంతకు తక్కువున్నా పిల్లలు పుట్టినవాళ్లున్నారు, సున్నా అయితే లెక్క వేరు. ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చం.

ఆ ఇంజెక్షన్ మాత్రం వద్దే వద్దు. అది టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ అయితే, బయటి నుంచి హార్మోన్ వస్తోందని మెదడు వృషణాలకు సంకేతాలు పంపడం ఆపేస్తుంది, ఉన్న కణాలు కూడా పడిపోతాయి. గుట్కా, సిగరెట్ ఉంటే మానేయండి. మళ్లీ పరీక్ష చేయించుకునేలోపే యూరాలజిస్టుకు చూపించుకోండి, వృషణాల పైన రక్తనాళాలు (సిరలు) ఉబ్బే వేరికోసీల్ ఉందేమో చేత్తో చూసి చెప్తారు, అది ఎక్కువగా ఎడమవైపు వస్తుంది, చికిత్స ఉంది.

జ్వరం తగ్గి మూడు నెలలయ్యాక పరీక్ష మళ్లీ చేయించుకోండి, అంతకు ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా ఉండాలి. ఇంట్లో సీసాలో పట్టి బస్సులో నల్లగొండ తెద్దామనుకోవద్దు, గంటలోపే పరీక్ష మొదలవ్వాలి, ల్యాబులోనే గది ఇస్తారు, అక్కడే ఇవ్వండి.