కర్రీ సున్నా కొట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను

"స్టీఫెన్ కర్రీ కాలేజీలో ఉన్నప్పుడే అంత ఆడేవాడా, లేక పేరొచ్చాక పాత కథలకు రంగులు పూస్తున్నారా?" అని కదా మీరు అడిగింది, ఆ బాస్కెట్‌బాల్ స్టార్ గురించి. 2007 నుంచి 2009 దాకా నేను అమెరికాలోని షార్లెట్‌లో ఎమ్మెస్ చదివాను. కర్రీ చదివిన డేవిడ్సన్ కాలేజీ మా అపార్ట్‌మెంట్ నుంచి కారులో అరగంట. కాబట్టి కొంత కళ్లారా చూసింది, కొంత మా ల్యాబ్‌లో రోజూ చెవిన పడింది చెప్తాను.

డేవిడ్సన్ చాలా చిన్న కాలేజీ. అంతా కలిపి 1,700 మంది పిల్లలు. వాళ్ల బట్టలు కూడా కాలేజీయే ఉచితంగా ఉతికించి ఇచ్చేది. మేమేమో వాషింగ్ మెషీన్‌లో వేయడానికి పావు డాలర్ బిళ్లలు పోగేసుకునేవాళ్లం, ఆ కుళ్లు ఇప్పటికీ ఉంది నాకు.

అలాంటి చోటికి కర్రీ ఎందుకు వెళ్లాడంటే, పెద్ద కాలేజీలేవీ పిలవలేదు. వాళ్ల నాన్న డెల్ కర్రీ షార్లెట్ హార్నెట్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకి పదేళ్లు ఆడినవాడు, అంతకుముందు వర్జీనియా టెక్ యూనివర్సిటీలో స్టార్. అదే వర్జీనియా టెక్ కొడుకు దగ్గరికొచ్చేసరికి స్కాలర్‌షిప్ ఇవ్వం, కావాలంటే వచ్చి చేరమంది. కుర్రాడు 6 అడుగులు, బక్కపలచన. మన వీధిలో 6 అడుగులంటే తలెత్తి చూస్తాం గానీ అక్కడి బాస్కెట్‌బాల్‌లో అది పొట్టివాడి కింద లెక్క. పైగా హైస్కూల్లో బంతిని నడుం దగ్గర నుంచి ఎత్తి విసిరేవాడు. అలా విసిరితే ఎదుటివాడు చెయ్యి చాపితే చాలు, బంతి ఆగిపోతుంది. ఒక వేసవి మొత్తం వాళ్ల నాన్న దగ్గరుండి ఆ షాట్‌ని తల మీద నుంచి వదిలేలా మార్పించాడు. ఆ కొత్త పద్ధతిలో మొదట్లో రింగుకి కాస్త దూరం జరిగినా బంతి చేరేది కాదట. ఇంటర్‌లో నాదీ నడుం షాటే. మార్చుకోబోయి వారంలో వదిలేశాను కాబట్టి ఆ మూడు నెలలు ఎలా గడిచుంటాయో నేను ఊహించగలను.

డేవిడ్సన్ కోచ్ బాబ్ మెకిలప్ మాత్రం రమ్మన్నాడు. మీ ప్రశ్నకు అసలు జవాబు ఈయన దగ్గరే ఉందని నాకనిపిస్తుంది. 2006 నవంబర్‌లో ఈస్టర్న్ మిషిగన్ మీద కర్రీ మొదటి కాలేజీ మ్యాచ్. ఆ ఒక్క మ్యాచ్‌లో బంతిని 13 సార్లు పోగొట్టుకున్నాడు. పాస్ ఇస్తే అవతలివాడికి వెళ్లడం, బంతిని నేలకి కొడుతూ తీసుకెళ్తుంటే లాగేసుకోవడం, ఇలాంటివన్నీ కలిపి. ఎవరైనా ఐదుసార్లు పోగొడితేనే ఆ రోజు బాలేదంటారు. మెకిలప్ వాణ్ని తీసి కూర్చోబెట్టలేదు, ఆడనిచ్చాడు. ఆ మ్యాచ్ డేవిడ్సనే గెలిచింది. తర్వాతి మ్యాచ్‌లో మిషిగన్ మీద కర్రీ 32 పాయింట్లు కొట్టాడు. ఆ సీజన్‌లో సగటు 21.5. దేశంలో ఉన్న ఫస్టియర్ ఆటగాళ్లలో అంతకంటే ఎక్కువున్నది, తర్వాత పెద్ద స్టారైన కెవిన్ డురాంట్ ఒక్కడికే.

నా సంగతి చెప్తే నవ్వుతారు. ఇంజినీరింగ్‌లో మొదటి ఇంటర్ కాలేజియేట్ మ్యాచ్, మొదటి ఐదు నిమిషాల్లో రెండు పాస్‌లు అవతలివాళ్ల చేతుల్లో పెట్టాను. మా పీడీ సార్ పేరు కూడా పిలవలేదు, వేలు ఊపాడు అంతే. మిగతా మూడేళ్లూ నా పని నీళ్ల బాటిళ్లు, తువ్వాళ్లు చూసుకోవడం. నేను కర్రీనయ్యేవాణ్ని అని కాదు. కానీ మూడో పాస్ ఎటు వెళ్లేదో తెలుసుకునే అవకాశమైనా దొరకలేదు కదా.

ఇక అందరూ చెప్పుకునేది 2008 మార్చి, కాలేజీ జట్ల జాతీయ టోర్నమెంట్. ఐపీఎల్ ఇంకా పుట్టలేదు, అందుకే రిమోట్ నాకు దక్కింది. గొంజాగా మీద 40 పాయింట్లు, అందులో 30 రెండో సగంలోనే. జార్జ్‌టౌన్ మీద డేవిడ్సన్ 17 పాయింట్లు వెనకబడి మరీ గెలిచింది. తర్వాత విస్కాన్సిన్‌నీ ఓడించింది. డెట్రాయిట్‌లో ఆ మ్యాచ్‌లు చూడ్డానికి వెళ్లిన పిల్లలకు బస్సు, హోటల్, టికెట్ ఖర్చులు కాలేజీ ట్రస్టీలే పెట్టుకున్నారు. చివరికి కాన్సాస్ మీద 59-57తో ఓడారు. ఆఖరి సెకన్లలో బంతి కర్రీ చేతిలోనే ఉంది. ఇద్దరు మీద పడేసరికి జేసన్ రిచర్డ్స్‌కి ఇచ్చాడు, అతను దూరం నుంచి వేసిన ఆ మూడు పాయింట్ల షాట్ పడలేదు. తర్వాత కప్పు కూడా కాన్సాసే ఎత్తుకెళ్లింది. రంగులు పూయాల్సిన అవసరం లేని కథ ఇది, అప్పుడే పూసి ఉంది.

నేను స్టేడియానికి వెళ్లి చూసింది మాత్రం ఒకే ఒక్క మ్యాచ్, 2008 నవంబర్‌లో, మేరీల్యాండ్ లయోలా మీద. వారం క్రితమే ఓక్లహోమా మీద 44 కొట్టి ఉన్నాడు. ల్యాబ్‌మేట్ టికెట్ ఇప్పిస్తే 30కి తక్కువ కొట్టడులే అనుకుంటూ వెళ్లాను. లయోలా కోచ్ విచిత్రమైన పని చేశాడు. బంతి ఎక్కడున్నా సరే, ఇద్దర్ని కర్రీకి అంటించేశాడు. రెండు నిమిషాలు చూసి కర్రీ కోర్టు మూలకి వెళ్లి నిలబడ్డాడు, బస్సు కోసం ఎదురుచూసేవాడిలా. ఆ ఇద్దరూ పక్కనే నిలబడ్డారు. ఇవతల నలుగురు, అవతల ముగ్గురు మిగిలారు. డేవిడ్సన్ వాళ్లు తీరిగ్గా బాస్కెట్లు వేసుకుంటూ పోయారు. బంతి కావాలని కర్రీ చెయ్యెత్తడం నేను చూళ్లేదు, బాస్కెట్ పడ్డప్పుడల్లా మూల నుంచి చప్పట్లు కొట్టడం చూశాను. 20 ఏళ్ల కుర్రాడు, దేశమంతా పేరు మోగుతున్నవాడు! స్కోరు 78-48. కర్రీ మొత్తం వేసిన షాట్లు మూడు, పాయింట్లు సున్నా. ఆ సీజన్ సగటు 28.6, దేశంలో అందరికంటే ఎక్కువ, అదీ ఈ సున్నాని కలుపుకుని.

రాత్రి రూముకొచ్చేసరికి మావాళ్లు సాంబారు వేడి చేస్తున్నారు. "ఎన్ని కొట్టాడ్రా మీవాడు?" అన్నారు. సున్నా అన్నాను. గరిటె పట్టుకున్నవాడు వెనక్కి తిరక్కుండానే, "నీ ఐరన్ లెగ్గు సముద్రాలు దాటినా పని చేస్తోందిరా" అన్నాడు. ఆ తర్వాత ల్యాబ్‌మేట్ నాకు మళ్లీ టికెట్ ఇప్పించలేదు.