పరిస్థితులు బాగోలేవని సేవా క్లబ్బును కొన్నాళ్లు మూసేయవచ్చా?

మీ క్లబ్బులో సమావేశాలు ఆగిపోయాయి, చందాలు రావడం లేదు, సభ్యులు ఒక్కొక్కరే దూరమవుతున్నారు, అంతా చక్కబడేదాకా తాత్కాలికంగా మూసేద్దామా అని అడిగారు. దయచేసి మూయకండి. 2020లో, కరోనా రోజుల్లో, నేను ఒక సేవా క్లబ్బుకు కార్యదర్శిగా ఉన్నాను, మా దగ్గరా ఇదే మాట వచ్చింది. సమావేశాలు లేకపోయినా క్లబ్బు బతుకుతుంది. సభ్యుల మధ్య పలకరింపులు ఆగిపోతేనే బతకదు.

వీడియో మీటింగులు పెట్టండి, కాదనను. కానీ వాటిలో అధ్యక్షులు మాట్లాడతారు, మిగతావాళ్లు మ్యూట్‌లో ఉంటారు, అయిపోగానే వెళ్లిపోతారు. మామూలు రోజుల్లో సమావేశం ముగిశాక బయట బండ్ల దగ్గర నిలబడి మాట్లాడుకుంటాం చూడండి, ఎవరి ఉద్యోగం పోయిందో, ఎవరింట్లో ఆరోగ్యం బాగోలేదో తెలిసేది అక్కడే. అది పోయింది కాబట్టి దాని బదులు ఏదో ఒకటి మనమే ఏర్పాటు చేసుకోవాలి. మేం సభ్యుల జాబితాను చిన్న చిన్న భాగాలుగా పంచి, ఒక్కో భాగానికి ఒకరు చొప్పున వారానికోసారి ఫోన్ చేసేలా పెట్టుకున్నాం. ఆ ఫోన్‌లో చందా ఊసు ఎత్తకూడదన్నది కచ్చితమైన నియమం. ఒక్కసారి బాకీ గుర్తు చేశారంటే మర్నాటి నుంచి ఆ మనిషి ఫోన్ ఎత్తడు.

ఫోన్లు చేసే పని పదవుల్లో ఉన్నవాళ్లకే ఇవ్వకండి. మాలో రిటైరైన మాస్టారు ఒకరుండేవారు. వీడియో ఆయనకు కొరుకుడు పడలేదు, ఇక క్లబ్బులో తన పని అయిపోయిందనుకున్నారు. ఆయనకో జాబితా ఇచ్చాం. పొడుగాటి నోటు పుస్తకం తీసుకుని మనిషికో పేజీ కేటాయించారు: ఇంట్లో ఎవరెవరున్నారు, కిందటిసారి ఏం మాట్లాడారు, ఈసారి ఏం అడగాలి. "మీ అమ్మాయి పరీక్ష ఎలా రాసిందండీ?" అని గుర్తుపెట్టుకుని అడిగేవారు. ఒక సభ్యుడి దుకాణం మూతపడిందన్న సంగతి మాకు తెలిసింది ఆయన ద్వారానే. అతని చందా మాఫీ చేశాం, ఆ విషయం అధ్యక్షుడికి, కోశాధికారికి, నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అతను ఇప్పటికీ మాతోనే ఉన్నాడు.

ఇంతకంటే గడ్డురోజులు చూసిన క్లబ్బులున్నాయి. 1940లో జపాన్‌లోని రోటరీ క్లబ్బులు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. పేరు పోయినా చాలాచోట్ల సభ్యులు తాము కలిసే వారం పేరు పెట్టుకుని కలుస్తూనే ఉన్నారు, టోక్యో వాళ్లు 'బుధవారం క్లబ్బు' అయ్యారు. 1949లో రోటరీ వాళ్లను తిరిగి చేర్చుకుంది. సమావేశాలు తగ్గిస్తే గుర్తింపు పోతుందేమోనని భయపడుతుంటే, ముందు మీ మాతృసంస్థ నిబంధనలు చూడండి. రోటరీ అయితే 2016 నుంచే ఈ విషయంలో క్లబ్బులకు బాగా వెసులుబాటు ఇచ్చింది.

సేవ కూడా ఆపొద్దు, చిన్నది చేయండి. జనం గుమిగూడే రక్తదాన శిబిరాలు పెట్టలేని రోజుల్లో రక్తం అవసరం మాత్రం అలాగే ఉంది. మేం దాతల జాబితా తీసి, ఎవరు చివరిసారి ఎప్పుడిచ్చారో రాసుకుని, గడువు దాటినవాళ్లను రక్తనిధి ఇచ్చిన సమయానికి ఒక్కొక్కరుగా పంపాం. ఇద్దరు ముగ్గురు చూసుకోగలిగిన పని అది. ఈ వారం ఫలానా వాళ్లు వెళ్లి రక్తమిచ్చి వచ్చారని గ్రూపులో ఒక్క మాట పడితే, క్లబ్బు ఉందన్న ధైర్యం అందరికీ వచ్చేది.

డబ్బు దగ్గర మాత్రం చాలా గట్టిగా ఉండండి. ప్రజల నుంచి సేవకోసం వసూలైన సొమ్ము వేరు, చందాలతో నడిచే నిర్వహణ ఖర్చు వేరు. చందాలు రానప్పుడు, మళ్లీ వేసేద్దాంలే అని మొదటిదాన్ని ముట్టుకోవాలనిపిస్తుంది. ముట్టుకోవద్దు. నిర్వహణ ఖర్చే తగ్గించుకోండి. ఖాతాలో సంతకం పెట్టేవాళ్లలో ఒకరు మంచం పట్టినా చెల్లింపులు ఆగకుండా ముందే బ్యాంకుతో మాట్లాడుకోండి.

ఇప్పటికే మానేసినవాళ్లను ఎలా రప్పించాలనీ అడిగారు. తిరిగి చేరమని అడగకండి. వాళ్లకు చేతనైన పని ఒకటి చూసి, "ఈ ఆదివారం రెండు గంటలు సాయం కావాలి, వస్తారా?" అని అడగండి. మావాళ్లలో కొందరు ఆ ఒక్క పనికని వచ్చి, ఆ తర్వాత వాళ్లంతట వాళ్లే చందా కట్టారు.