నాలుగు కార్డుల లిమిట్లను ఒకే కార్డు మీదికి తెచ్చుకోవచ్చా?

మీ ప్రశ్నలోని లెక్క ఇది. పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం, చేతికొచ్చే జీతం 52,000. క్రెడిట్ కార్డులు నాలుగు: ఒకే బ్యాంకువి రెండు (75,000 ఒకటి, 40,000 ఒకటి), జీతం పడే బ్యాంకుది 1,20,000, ఇంకో బ్యాంకుది 65,000. మొత్తం 3 లక్షలు. నెల వాడకం 45,000 దాకా. వచ్చే ఏడాది కూర్మన్నపాలెం వైపు ఫ్లాట్ కోసం హోమ్ లోన్ పెట్టే ఆలోచన ఉంది. ఆలోగా కార్డులు తగ్గించుకుని, ఒక్కదాని మీదే పెద్ద లిమిట్ తెచ్చుకోవాలి.

ముందుగా తెలియాల్సింది ఏంటంటే, ఒక బ్యాంకు ఇచ్చిన లిమిట్‌ని ఇంకో బ్యాంకుకి మార్చే ఏర్పాటు ఏదీ లేదు. బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటే అదేనేమో అనుకుంటారు చాలామంది. అందులో కదిలేది బాకీ మాత్రమే, లిమిట్ ఎక్కడిదక్కడే ఉంటుంది. కాబట్టి మీకున్న దారి: ఒకే బ్యాంకు కార్డులు రెండింటినీ కలపడం, జీతం బ్యాంకు కార్డు లిమిట్ పెంచుకోవడం, చివర్లో 65,000 కార్డు మూసేయడం. ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గరే చాలామంది నష్టపోతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒకే బ్యాంకు కార్డులతో మొదలుపెట్టండి. ఆ రెండింటి లిమిట్లు విడివిడిగా ఉన్నాయా, ఉమ్మడిగా ఉన్నాయా తేల్చుకోవాలి. యాప్‌లో రెండు కార్డులకీ ఎంత లిమిట్ మిగిలి ఉందో రాసుకోండి. ఒక కార్డుతో ఏదైనా చిన్న కొనుగోలు, వంద రూపాయలది చాలు, చేసి రెండో కార్డు అంకె చూడండి. అదీ వంద తగ్గితే లిమిట్ ఉమ్మడిదే. ఆ కొనుగోలు తక్కువ లిమిట్ కార్డు మీదే చేయండి, పెద్దదాని మీద చేస్తే తేడా కనబడకపోవచ్చు. 75,000, 40,000 అని వేరువేరుగా కనబడుతున్నా లోపల ఒకటే అయ్యే అవకాశం ఉంది. అలాంటప్పుడు ఆ 40,000 అనేది 75,000 లోపల గీసిన గీత. అంటే మీ అసలు మొత్తం 3 లక్షలు కాదు, 2,60,000. ఉమ్మడి అయితే కలపడానికి ఏమీ లేదు. నచ్చని కార్డు మూసేసినా లిమిట్ పోదు.

విడివిడిగా ఉంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయడం కన్నా మెయిల్ రాయడం మంచిది. "40,000 లిమిట్ ఉన్న కార్డు లిమిట్‌ను నా 75,000 కార్డుకి కలపండి. కలిపినట్టు ధృవీకరణ పంపాక మాత్రమే మొదటి కార్డు మూయండి" అని కార్డుల చివరి నాలుగు అంకెలతో రాయండి. ఈ వరుస తప్పితే వచ్చే నష్టం పెద్దది. ముందే కార్డు మూయించి తర్వాత లిమిట్ అడిగితే, ఆ 40,000 వ్యవస్థలోంచి వెళ్లిపోయినట్టే. కొత్తగా అర్హత చూసి ఇవ్వాల్సిందే తప్ప తిరిగి కలపరు. కొన్ని బ్యాంకులు కలపడానికే ఒప్పుకోవు. అప్పుడు చిన్న కార్డుని అలాగే ఉంచి, పెద్ద కార్డుకి మామూలు పద్ధతిలో పెంపు అడగండి.

ఇక జీతం బ్యాంకు కార్డు. మీ విషయంలో అసలు బలం ఇక్కడే ఉంది, ఎందుకంటే మీ జీతం వాళ్ల కళ్ల ముందే పడుతోంది. లిమిట్ పెరగడానికి మూడు దారులు ఉంటాయి. మొదటిది బ్యాంకు తనంతట తాను చూపించే ఆఫర్. యాప్‌లో కార్డు విభాగంలో కనిపిస్తుంది, కాగితాలు అడగరు, ఒప్పుకుంటే చాలు. రెండోది ఆదాయం చూపించి అడగడం. చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకి కంపెనీ ఇచ్చే పత్రం), జీతం పడే ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంట్ సిద్ధంగా ఉంచుకోండి. సొంత వ్యాపారం ఉన్నవాళ్లయితే రెండేళ్ల ఐటీఆర్ (ఆదాయపన్ను రిటర్ను) అడుగుతారు. మూడోది వేరే బ్యాంకు కార్డు స్టేట్‌మెంట్ చూపించి అడగడం. ఆ కార్డు లిమిట్ మీ కార్డు కన్నా ఎక్కువైతేనే ఇది పనికొస్తుంది. మీ మిగతా మూడూ చిన్నవే కాబట్టి ఈ దారి వదిలేయండి.

మీకు ఇంక్రిమెంట్ వచ్చి ఉండి, బ్యాంకు రికార్డులో మాత్రం కార్డు తీసుకున్నప్పటి పాత జీతమే ఉంటే ముందు దాన్ని మార్పించండి. పెంపు తిరస్కరించడానికి ఇదో సాధారణ కారణం, ఎవరూ చెప్పరు. పాన్, ఫోన్ నంబరు, చిరునామా అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. గాజువాకలో ఇల్లు మారినవాళ్ల పాత చిరునామా రికార్డుల్లో అలాగే ఉండిపోవడం మామూలే.

అడిగే ముందు ఒక్క ప్రశ్న తప్పక వేయండి: దీనికి క్రెడిట్ రిపోర్టులో ఎంక్వయిరీ పడుతుందా? (క్రెడిట్ రిపోర్టు అంటే మీ అప్పులు, చెల్లింపుల చరిత్ర; ఎంక్వయిరీ అంటే అప్పు అడిగినప్పుడు బ్యాంకు దాన్ని చూసినట్టు పడే నమోదు.) బ్యాంకు ఆఫర్‌కి సాధారణంగా పడదు. కాగితాలిచ్చి అడిగితే పడొచ్చు. ఒక్క ఎంక్వయిరీతో ఏమీ కాదు. ఒకే నెలలో మూడు బ్యాంకులకూ పెట్టేస్తేనే, అప్పు కోసం తిరుగుతున్న మనిషిలా కనిపిస్తారు. హోమ్ లోన్‌కి ముందు ఆరు నెలలు ఎలాంటి ఎంక్వయిరీ లేకుండా చూసుకోవడం నా సలహా. అంటే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఇప్పుడు వరుస గురించి. మామూలుగా "ముందు పెంచుకో, తర్వాత మూసుకో" అంటారు. లెక్క ప్రకారం అది నిజమే. 45,000 వాడకానికి 3 లక్షల లిమిట్ అంటే 15 శాతం. తొందరపడి అన్నీ మూసేసి 1,20,000 కార్డు ఒక్కటే ఉంచుకుంటే అదే వాడకం 37.5 శాతం అవుతుంది. 30 శాతం లోపు ఉండటం మేలని బ్యాంకుల వాళ్లు చెప్పే మాట, దాన్ని దాటిపోతారు. క్రెడిట్ స్కోరు తగ్గేది ఇక్కడే, మీ ఖర్చు ఒక్క రూపాయి పెరగకుండానే. అదే 1,20,000ని 2,20,000 చేయించుకుని, ఆ తర్వాత 65,000 కార్డు మూస్తే మొత్తం 3,35,000 మిగులుతుంది, వాడకం 13 శాతం చుట్టూ ఉంటుంది.

కానీ మీ జీతానికి ఒక చిక్కు ఉంది. వేరే బ్యాంకులిచ్చిన లిమిట్లన్నీ కలిపి చూశాకే కొత్త లిమిట్ ఇవ్వాలని 2022 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. 52,000 జీతానికి 3 లక్షలంటే దాదాపు ఆరు రెట్లు. జీతానికి ఇంత లిమిట్ అన్న బ్యాంకు లోపలి కొలత దానికే నిండిపోతే, మీ చెల్లింపులు ఎంత బాగున్నా పెంపు రాదు. అలా తిరస్కరిస్తే వరుస తిప్పండి. ముందు 65,000 కార్డు మూయండి, అది రిపోర్టులో మూసినట్టు పడేదాకా ఆగండి, ఆపైన అడగండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు సిబిల్ లాంటి క్రెడిట్ సంస్థలకు కనీసం పదిహేను రోజులకోసారి సమాచారం పంపాలి కాబట్టి పాతరోజుల్లోలా ఎక్కువ కాలం ఎదురుచూడనక్కర్లేదు. అయినా నెల, నెలన్నర ఇవ్వండి. మధ్యలో వాడకం శాతం పెరగకుండా ఆ ఎదురుచూసే కాలమంతా బిల్లు తయారవకముందే కట్టేయండి.

ఈ ముందుగా కట్టడం గురించి కొంచెం చెప్పాలి. చాలామంది గడువు తేదీకి కట్టి, "నేను పైసా బాకీ ఉంచను, అయినా స్కోరు ఎందుకు పడింది" అంటారు. బ్యాంకు పంపే అంకె సాధారణంగా బిల్లు తయారైన రోజు నాటి బాకీ. మీ బిల్లు 18న వస్తుందనుకుందాం. 45,000లో 35,000 మీరు 15నే కట్టేస్తే, రిపోర్టుకి వెళ్లేది 10,000. ఖర్చు అంతే, కట్టింది అంతే, కాగితం మీద మాత్రం తేడా. జీతం ఒకటో తేదీన పడి బిల్లు 28న వస్తుంటే ఇది కష్టం. అలాంటప్పుడు బిల్లు తేదీ మార్చమని అడగండి. కనీసం ఒకసారి మార్చుకునే వీలు ఇవ్వాలని ఆర్‌బీఐ నియమం. ఇంకో సంగతి, మొత్తం శాతం బాగున్నా ఒక్క కార్డు నిండుగా ఉంటే బాగుండదు. 45,000 అంతా 75,000 కార్డు మీదే వేస్తే దానిది 60 శాతం అవుతుంది.

పెద్ద వస్తువు ఈఎంఐలో కొని ఉంటే దాని అసలు మొత్తమంతా లిమిట్‌లోంచి పట్టి ఉంచుతారు, నెలనెలా కట్టేకొద్దీ విడుదలవుతుంది. పెంపు అడిగే ముందు అలాంటిది నడుస్తుంటే, అది అయ్యాకే అడగడం నయం. ఇక బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి నెట్టుకొచ్చిన నెలలు ఉంటే పెంపు ఆలోచనే వద్దు. చాలా కార్డుల్లో నెలకు 3 నుంచి 3.75 శాతం వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతూ ఉంటుంది. ముందు అది తీర్చాలి.

మూసే విధానం. 65,000 కార్డు మీద నెలనెలా దానంతట అదే తెగే చెల్లింపులన్నీ ముందు వేరే కార్డుకి మార్చండి: కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్ ప్రీమియం, సినిమా యాప్‌లు. రివార్డు పాయింట్లు వాడేయండి, మూశాక రావు. మిగిలిన ఈఎంఐ ఉంటే ముందుగా తీర్చడానికి ఎంత అదనం పడుతుందో అడగండి. ఆఖరి బిల్లు వచ్చి, దాన్ని పూర్తిగా కట్టాక మూయమని అడగండి. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మీకే ఇవ్వాలి. ఇదీ అదే 2022 ఆదేశాల్లో ఉంది. ఎక్కువగా తేడా కొట్టేది చిల్లర దగ్గరే. మూడు రూపాయల వడ్డీ మిగిలినా ఖాతా మూతపడదు, అది నెలలు గడిచి ఆలస్యపు చెల్లింపుగా రిపోర్టుకెక్కుతుంది. బాకీ లేదన్న పత్రం తీసుకోండి, తర్వాత రిపోర్టులో "క్లోజ్డ్" అని ఉందో లేదో చూడండి. "సెటిల్డ్" (బాకీ పూర్తిగా కట్టకుండా కొంత ఇచ్చి రాజీపడ్డట్టు) అని ఉంటే వెంటనే ఫిర్యాదు చేయండి, హోమ్ లోన్ దగ్గర ఆ ఒక్క పదమే అడ్డం పడుతుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్, ఈ నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పు దిద్దమన్న ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఉంది. మీ నాలుగు కార్డుల్లో పాతది మాత్రం మూయకండి, మీ చరిత్ర పొడవు దాని మీదే నిలబడి ఉంది. వార్షిక రుసుం లేని కార్డయితే రెండు మూడు నెలలకోసారి ఏదో ఒకటి కొంటే సరిపోతుంది. ఏడాదికి పైగా వాడకపోతే మీకు తెలియజేసి, 30 రోజుల్లో జవాబు లేకుంటే బ్యాంకే మూసేయవచ్చు.

పెద్ద లిమిట్ అంటే భయంగా ఉందని కూడా రాశారు. యాప్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్లకి, విదేశీ వాడకానికి, స్వైప్‌కి వేరువేరుగా గరిష్ఠ మొత్తం పెట్టుకోవచ్చు, ఆపేయనూ వచ్చు. 2,20,000 లిమిట్ ఉంచుకుని ఆన్‌లైన్‌కి 20,000 గీత పెట్టండి. విదేశీ వాడకం ఆపేయండి. నగదు తీసే లిమిట్ సున్నా చేయండి, దాని మీద వడ్డీ తీసిన రోజు నుంచే మొదలవుతుంది. రిపోర్టులో లిమిట్ పెద్దదిగానే ఉంటుంది, జేబుకి మాత్రం ప్రమాదం తగ్గుతుంది.

వాడకం ఎక్కువగా చూపిస్తే లిమిట్ పెరుగుతుందని దుకాణంలో కార్డు గీయించి, కమీషన్ ఇచ్చి నగదు తీసుకునేవాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు. దయచేసి ఆ దారి పట్టకండి. ఒకే దుకాణంలో గుండ్రటి అంకెలు పదేపదే పడితే బ్యాంకు పసిగడుతుంది, లిమిట్ తగ్గిస్తుంది, కార్డు ఆపేస్తుంది. స్నేహితుల కొనుగోళ్లన్నీ మీ కార్డు మీద వేయించుకోవడమూ అంతే. ఏడాదిలో కార్డు బిల్లులు 10 లక్షలు దాటి కడితే ఆ వివరం ఆదాయపన్ను శాఖకి వెళ్తుంది, 52,000 జీతానికి అది పొసగదు.

మీరు స్పష్టంగా ఒప్పుకోకుండా బ్యాంకు లిమిట్ పెంచకూడదు. కాబట్టి "మీ లిమిట్ పెంచుతున్నాం, ఓటీపీ చెప్పండి" అనో, "ఈ యాప్ ఫైల్ వేసుకోండి" అనో ఎవరు ఫోన్ చేసినా అది మోసమే అనుకోండి. ఫోన్ పెట్టేసి మీ యాప్‌లోనే ఆఫర్ ఉందో లేదో చూడండి. పొరపాటున చెప్పేస్తే వెంటనే కార్డు బ్లాక్ చేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మూసివేతలోనో లిమిట్ కలపడంలోనో బ్యాంకు 30 రోజులైనా జవాబివ్వకపోతే, మీరు పంపిన మెయిల్ జతచేసి ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టొచ్చు, రుసుం లేదు.