సగం దారిలో ఆపాలి

అమ్మాయ్, ఆశీస్సులు.

పెట్రోల్‌లో ఉండే ఆక్టేన్‌ని తినే సూడోమోనాస్ బాక్టీరియా నీ ప్లేట్ల మీద పెరిగిందని రాశావు. చాలా సంతోషమేసింది. అయితే అది బాగా పెరగడం వేరు, నీకు కావలసిన ఆక్టనాల్ అనే ఆల్కహాల్ చేతికి రావడం వేరు. దానికి ఆక్టేన్ తిండి. ముందు ఆల్కహాల్ చేస్తుంది, తర్వాత ఆల్డిహైడ్, ఆమ్లం, చివరికి కార్బన్ డయాక్సైడ్ దాకా తినేస్తుంది. నీకు కావలసింది మొదటి మెట్టు మీదే ఉంది. దాన్ని అక్కడ ఎలా ఆపుతావో ముందు ఆలోచించు.

1970లో డేవిడ్ గిబ్సన్ అనే శాస్త్రవేత్త బృందం టాల్యూయిన్ అనే ద్రావకంతో చేసింది ఈ పనే. సూడోమోనాస్ పుటిడాలో రెండో మెట్టు ఎంజైమ్ పనిచేయని మ్యుటెంట్‌ను, అంటే జన్యువు మారిన రకాన్ని, తీసుకున్నారు. మొదటి మెట్టులో పుట్టిన సిస్-డైహైడ్రోడయాల్ అనే పదార్థం ముందుకు పోలేక ద్రవంలోనే పోగుపడింది. అదీ అద్దంలో బొమ్మల్లా ఉండే రెండు రూపాల్లో ఒక్కటే! నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది అది చదివాకే.

ఒక చిక్కుంది. దారి మూసేశాక దానికి ఆక్టేన్ తిండిగా పనికిరాదు, గ్లూకోజ్ లాంటిది నువ్వే పెట్టాలి. మొదటి మెట్టుకి ఆక్సిజన్‌తో పాటు ఎలక్ట్రాన్లు అందించే ఎన్‌ఏడీహెచ్ అనే అణువు కూడా కావాలి, అది బతికున్న కణమే తయారుచేసుకోవాలి. ఆక్టేన్ లాంటి హైడ్రోకార్బన్‌లో కార్బన్, హైడ్రోజన్ తప్ప ఆక్సిజన్ ఉండదు కాబట్టి, దాన్నే తిండిగా పెట్టి కణాలు పెంచే రోజుల్లో గాలి చక్కెర మీద కంటే ఎక్కువ పడుతుంది, వేడీ ఎక్కువే.

టాల్యూయిన్ లాంటివాటిని నేరుగా పోయకు. కణపొరలో చేరి చంపేస్తాయి. ఫ్లాస్కులో చిన్న గొట్టం వేలాడదీసి ఆవిరిగా అందించు. ఆక్టనాల్ కూడా కణాలకు విషమే. పైన హెక్సాడెకేన్ అనే నూనెలాంటి ద్రవం పొర వేస్తే పుట్టింది పుట్టినట్టు అందులోకి లాక్కుంటుంది. నీ బాక్టీరియా హెక్సాడెకేన్‌ని తినదని మాత్రం ముందే చూసుకో.

ఇప్పుడు అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట. నా మొదటి ఏడాది ఆక్టేన్ బాగా తగ్గిపోయిందని, అంతా మారిందని నమ్మాను. నెలలు గడిచాక తెలిసింది, అది ఆవిరై గాలి గొట్టం వెంట పోయిందని. అప్పటినుంచి ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరిలో, చంపిన కణాలతో ఒక ఫ్లాస్కు పక్కన పెట్టకుండా ఏ ప్రయోగమూ చేయలేదు. చచ్చిన కణాలు తినవు కాబట్టి, అందులో తగ్గిందంతా ఆవిరైపోయిందే. తగ్గిన ఆక్టేన్‌ని నమ్మకు, పుట్టిన ఆక్టనాల్‌ని గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లో, పదార్థాలను వేరుచేసి చూపే ఆ యంత్రంలో, కొలువు.

ఆ ఆక్టేన్ ఆవిరి మండుతుంది కూడా. ఫెర్మెంటర్ (కణాలు పెంచే పెద్ద పాత్ర) నుంచి బయటికొచ్చే గాలిని గదిలోకి వదలొద్దు. రేపు మీథేన్ జోలికి వెళితే ఇంకా జాగ్రత్త: గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వతో పేలుతుంది. రాత్రిపూట ఒంటరిగా ఆ పని పెట్టుకోకు తల్లీ, నాకు టెన్షన్‌గా ఉంటుంది.

వచ్చే ఉత్తరంలో చంపిన కణాల ఫ్లాస్కులో ఎంత ఆక్టేన్ మిగిలిందో రాయి. ఆ అంకె చూశాక మ్యుటెంట్ సంగతి మాట్లాడుకుందాం.